పాత బ్రౌజరులో మా ఆవిడ తెలుగు

చోడవరానికి ఇంటర్నెట్టు తెచ్చింది నేనే. ఈ మాట పెళ్లి పందిళ్లలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చుని కూడా చెప్పబోయాను. చాలామంది నమ్మారు. ఇప్పుడిక నమ్మించి సాధించేదేమీ లేదు కాబట్టి ఉన్నది చెప్పేస్తాను. తెచ్చింది మా వీధి మలుపులో ఎస్టీడీ బూతు నడిపే అమ్మాయి. నేను తెచ్చింది బల్ల. కంప్యూటరు ముందు కుర్చీ ఒక్కటే ఉండేది. పక్కన కూర్చుని సలహాలిచ్చేవాళ్ల కోసం మా ఇంట్లో మూలపడ్డ బల్లను మోయించుకొచ్చి వేశాను. దాని మీద ఎక్కువగా కూర్చున్నదీ, ఎక్కువ సలహాలిచ్చిందీ నేనే.

తొంభైల చివరి మాట ఇది. విశాఖపట్నంలో ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసిన కంప్యూటరుని ఆ అమ్మాయి కొనుక్కొచ్చింది. బూతులోని ఫోను తీగనే దానికి తగిలించి విశాఖ నంబరుకి కలిపేది. లోపల ఎవరో పిల్లి తోక తొక్కినట్టు అరుపులు వినిపించి, అవి సద్దుమణిగాక ఇంటర్నెట్టు వచ్చేది. రావికమతం నుంచి, రోలుగుంట నుంచి కూడా జనం వచ్చేవారు. కొందరు పిల్లల పరీక్ష ఫలితాల కోసం, కొందరు ఊరు వదిలి ఉద్యోగాలకు పోయినవాళ్ల ఈమెయిళ్ల కోసం.

నేను కరెంటాఫీసులో ఇంజనీరుగా రిటైరయ్యాను. కాదులెండి, మీటర్ల రీడింగులు తీసేవాణ్ని. ఏదైతేనేం, కంప్యూటరు కూడా కరెంటుతోనే నడుస్తుంది కాబట్టి దాని మీద నాకు కొంత పెత్తనం ఉందనుకునేవాణ్ని. ఆ అమ్మాయి నన్ను బాబాయ్ అనీ, మా ఆవిడను పిన్నీ అనీ పిలిచేది. చుట్టరికమేమీ లేదు, ఒకే వీధి. బేరాలు లేనప్పుడు మౌసు నా చేతికిచ్చేది. ఇంటర్నెట్టులో ఎక్కడెక్కడో ఉన్న పేజీలను తెచ్చి మన తెర మీద పరిచి చూపించే ప్రోగ్రామును బ్రౌజరు అంటారు. కంప్యూటరుతో పాటే వచ్చిన బ్రౌజరు అది, అప్పటికే పాతది. ఎక్కడ నొక్కితే వెనక్కి పోతుందో, ఎక్కడ నొక్కితే ఆగుతుందో ఆ పాతదాని మీదే నేర్చుకున్నాను. రిటైరయ్యాక కొత్తగా నేర్చుకున్న విద్య అదొక్కటే. ఎవరైనా వచ్చి ఆ నొక్కే బొమ్మలను వేరేచోటికి జరిపితే మళ్లీ మొదటికి వస్తానన్న భయం లోపల ఉండేది. పైకి మాత్రం, "దీని నరనరం నాకు తెలుసు" అనేవాణ్ని.

మా ఆవిడది కె.కోటపాడు దగ్గర పల్లె. ఐదో తరగతితో బడి మాన్పించేశారు గానీ చదవడం మాన్పించలేకపోయారు. పకోడీల పొట్లం ఇంటికి తెస్తే ముందు పకోడీలన్నీ కంచంలోకి వంపి, నూనె మరకల మధ్య నుంచి ఆ కాగితం మొత్తం చదివేది. చదవడం అయ్యేసరికి కంచంలో పకోడీలు ఉండేవి కావు. వాటి సంగతి నన్నడిగేది కాదు. కాగితం వెనకవైపు సగంలో తెగిపోయిన, తప్పిపోయిన పిల్లాడి వార్త సంగతి మాత్రం, "మరి ఆ గుంటడు దొరికేడో లేదోనండీ" అని రెండు రోజులు బెంగపడేది.

అలాంటి మనిషికి కళ్లలో నీటికాసులు వచ్చాయి. ఆ జబ్బుకి నొప్పి ఉండదు. చూపుని అంచుల నుంచి కొరుక్కుంటూ లోపలికి వస్తుంది. గుమ్మాలు తగలడం మొదలుపెట్టాక విశాఖపట్నం తీసుకెళ్లాను. డాక్టరు మంచివాడు, దాచలేదు. పోయిన చూపు రాదనీ, చుక్కల మందు వేసుకుంటూ ఉన్నదాన్ని ఎంత కాలం నిలబెట్టుకోగలిగితే అంత కాలం నిలబెట్టుకోవాలనీ చెప్పాడు.  తిరుగు బస్సు అనకాపల్లి దాటాక ఆవిడ, "తెల్లకాగితాలు కొనండి" అంది.

చదివేది తప్ప ఎప్పుడూ రాయని మనిషి, కళ్లు పోతాయని తెలిశాక రాయడం మొదలుపెట్టింది. వాళ్ల నాన్న చెరకు తోటలో బెల్లం వండే రోజుల గురించి. పెద్ద ఇనప పెనంలో రసం మరుగుతూ ఉంటే, ఆవిరిలో వాళ్ల నాన్న మొహం కనిపించేది కాదట, గొంతు ఒక్కటే కనిపించేదట. అలాగే రాసింది, 'గొంతు కనిపించేది' అని. నేను తప్పు అన్నాను. "మీరు సూళ్లేదు కదా" అంది. రాసినదానికి 'బెల్లం పెనం' అని పేరు పెట్టింది. మొత్తం నాకంటే ముందు వాళ్ల అన్న కొడుకు చదివాడు. విశాఖలో ఉద్యోగం, సెలవుకి వచ్చినవాడు ఆ కాగితాలు తీసుకెళ్లి, కంప్యూటర్లోకి ఎక్కించి, దూరదేశాల్లో పనిచేసే తెలుగు కుర్రాళ్లు కొందరు కంప్యూటర్లోనే నడుపుతున్న ఒక పత్రికకు మెయిల్లో పంపించాడు. పంపించినట్టు మాకు చెప్పలేదు. చెరకు గానుగలాడుతున్న రోజుల్లో ఒకనాడు బూతుకి ఫోను చేశాడు.

"అత్తా, నీది పడిందే!"

"పడ్డాదా? ఎక్కడ పడ్డాది, దెబ్బ తగిలిందేట్రా?"

"నీ రాతే, బెల్లం పెనం! కంప్యూటర్ల పత్రికలో ఏసేరు. ఆల్లు మెయిలెట్టేరు. అడ్రసు సెప్తాను, రాసుకో. మీ ఊళ్లోనే సూసుకోవొచ్చు."

అతను ఒక్కో ఇంగ్లీషు అక్షరమూ చెబుతుంటే బూతు అమ్మాయి రాసుకుంది. మా ఆవిడ ఆ కాసేపూ చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూనే ఉంది. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకంటిలో మధ్యన కాస్త మిగిలింది, గొట్టంలోంచి చూసినట్టు. దానితో తన తెలుగుని అచ్చులో చూసుకోవాలి. ఆవిడ కోరిక అంతే. ఆ ఒక్కటీ నేను తీర్చగలనన్నాను. ఇంటర్నెట్టు నా చేతిలో ఉంది కదా.

కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టాం. అరుపులయ్యాయి, పేజీ వచ్చింది. పైన ఒక పెనం బొమ్మ, కింద రాత. ఆ రాతలో ఒక్క తెలుగు అక్షరం లేదు.

"ఏటే ఇది?" అన్నాను.

"అడ్రసు కరెక్టే బాబాయ్. బొమ్మ కూడా వొచ్చింది కదా" అంది అమ్మాయి.

మా ఆవిడ తెరకి దగ్గరగా వంగి, తలను ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పుతూ చూసింది. "ఇదేటమ్మా, ఇంగిలీసు అచ్చరాలు నెత్తిమీద టోపీలెట్టుకుని వొరసగా నిలబడ్డాయి. నేనెప్పుడు రాసేనివి?"

"ఆల్ల పత్రికే అలాగున్నట్టుంది పిన్నీ."

"మరి ఆల్లెలాగ సదువుతారే?"

 నా దగ్గర జవాబు ఎప్పుడూ ఉంటుంది. "దూరదేశం నుంచి వొస్తన్నాది కదా, దారిలో తడిసిపోయుంటాది" అన్నాను. అమ్మాయి నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు.

పేజీ చిట్టచివర ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. దాని అర్థం, ఈ పేజీలోని తెలుగు కనపడాలంటే కొత్త బ్రౌజరు వాడాలి అని. అప్పుడు మాకు ఆ వాక్యంలో కొత్త బ్రౌజరు అన్న రెండు మాటలే అర్థమయ్యాయి. "ఇదేదో అడ్వర్టైజ్‌మెంటు బాబాయ్, ఇప్పుడు అన్ని పేజీల కిందా ఎడతన్నారు" అంది అమ్మాయి. నేను తల ఊపాను. పేపర్లో టూత్‌పేస్టు ప్రకటనను దాటేసినట్టు దాన్ని దాటేశాం.

ఆ ఆదివారం మేనల్లుడు మళ్లీ ఫోను చేశాడు. "సూసేరా మావయ్యా?"

"సూడ్డమేట్రా! కంప్యూటరు సుట్టూ జనం. పక్కవీధి నుంచి కూడా వొచ్చేరు. మీ అత్త రాత సూసి బూతుపిల్ల కళ్లమ్మట నీళ్లెట్టుకుంది."

ఆ పక్కనే మా ఆవిడ నిలబడి ఉంది. నేను ఫోను పెట్టేశాక, "ఎందుకండీ ఆడికలా సెప్పేరు?" అంది.

"సూళ్లేదంటే మన ఊరి పరువేటవ్వాలి?"

ఊరి పరువు కాదది. నాకు చేతకాలేదని చెప్పడం ఇష్టంలేక అన్నాను. మేం చూసేశామనుకుని అతను ఆ సంగతి అక్కడితో వదిలేశాడు. లేకపోతే ఏ స్నేహితుడి ఆఫీసులోనో దాన్ని కాగితం మీద అచ్చు తీయించి పంపేవాడేమో. అలా తీయించవచ్చని మాకు తట్టనే లేదు. ఇంక అతను పంపిస్తాడని ఎదురుచూడటానికి నేనే దారి మూసేశాను.

మరి విశాఖపట్నంలో చూసుకోలేకపోయారా అని అడుగుతారు. నెలనెలా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లమే. ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఇంటర్నెట్టు కొట్లు ఉండేవి కూడా. కానీ వెళ్లగానే ముందు ఆవిడ కళ్లలో పాప విప్పారే చుక్కలు వేసేవారు. అవి వేశాక సాయంత్రం దాకా చేతిలో టిక్కెట్టు కూడా మసకే. ఒకసారి పరీక్షకి ముందే వెళ్దామని బయల్దేరాం. కొట్టు తాళం తీయలేదు. మళ్లీ ప్రయత్నించలేదు. "మన ఊళ్లోనే చూపిస్తాను, ఉండు" అన్నది నా మాటే.

ఆవిడ ఊరుకోలేదు. మధ్యాహ్నం వంట అయ్యాక కొంగు భుజం మీద కప్పుకుని బూతుకి వచ్చి, "ఒకపాలి అది తియ్యమ్మా" అనేది. అమ్మాయి ఆ పేజీని కంప్యూటర్లోనే దాచి ఉంచింది, ఫోను కలపక్కర్లేకుండా. మా ఆవిడ ఆ టోపీల అక్షరాల ముందు కూర్చునేది. ఒకరోజు నన్ను గట్టిగా పిలిచింది.

"ఇదిగో, ఇటు రండి. పైన పేరు ఉన్నాదా, రెండు మాటలు. రెండోది పెనం కదా?"

"అయ్యుండాలి."

"అయ్యుండాలి కాదు, అదే. ఇదిగో కింద మూడో వొరసలో అదే మాట. ఇక్కడా అదే. నేను మూడో వొరసలో పెనం అనే రాసేను. మరి దీనికి ముందున్నది 'నాన్న' అవ్వాలి. సూడండి, ఒకే అచ్చరం రెండుసార్లు ఉన్నాదా లేదా?"

ఉంది. తను రాసిందంతా ఆవిడకు నోటికి వచ్చు. దాన్ని లోపల అనుకుంటూ, తెర మీద ఒక్కో టోపీ గుర్తు ఏ తెలుగు అక్షరానికి బదులు నిలబడిందో పోల్చుకోవడం మొదలుపెట్టింది. కొన్ని వారాలకి రెండు మూడు పేరాలు అలా కూడబలుక్కుని చదవగలిగింది. నేను ఊరంతా తిరిగి, మా ఆవిడ కంప్యూటరు భాష నేర్చేసిందని చెప్పుకున్నాను. ఆవిడ నేర్చుకున్నది ఏ భాషా కాదు. తన తెలుగుకి పట్టిన తుప్పుని చదువుతోంది. ఈ లోకంలో ఆవిడకు మిగిలిన కాస్త చూపూ దానికి ఖర్చయిపోతోంది. అది నాకు అప్పుడు తట్టలేదు. సరదాగా ఉండేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో విశాఖ నుంచి ఒకతను సీడీల సంచీతో వచ్చాడు. కొత్త బ్రౌజరు ఎక్కిస్తానన్నాడు. మిషను కాస్త నెమ్మదిస్తుందనీ, బొమ్మలు కొంచెం అటూ ఇటూ మారతాయనీ కూడా చెప్పాడు. అమ్మాయి బూతులో ఉన్నవాళ్లందరినీ అడిగింది. ఫలితాల కోసం వచ్చినవాళ్లు, ఇప్పుడు మిషను విప్పితే మా నంబర్లు ఎప్పుడు చూస్తావన్నారు. చివరికి నావైపు తిరిగింది.

"ఏటంటావు బాబాయ్? పెట్టించెయ్యనా?"

"పన్చేస్తన్నదాన్ని కెలుక్కోడం దేనికే తల్లీ? ముసిల్దని ఇయాల దీన్ని పీకి పారేస్తావు. రేపు ముసలోడని నన్నూ బల్లమీంచి లేపేస్తావు."

అందరూ నవ్వారు. ఆ సీడీల మనిషి కూడా నవ్వి, సంచీ సర్దుకుని మాడుగుల బస్సెక్కి వెళ్లిపోయాడు. మా ఆవిడ అప్పుడు ఇంటి దగ్గర, కంట్లో చుక్కలు వేయించుకుని, అవి ఇంకేదాకా కళ్లు మూసుకుని పడుకుని ఉంది. చుక్కలు వేసి వచ్చింది నేనే.

పాత బ్రౌజరు పనిచేయడం లేదని నాకు ఒక్కనాటికీ అనిపించలేదు. పత్రికవాళ్లదే తప్పనుకున్నాను. ఇక్కడే చాలామంది మోసపోతారు. పాతది ఆగిపోతే ఎంత బాగుండును, మార్చుకుంటాం. అది ఆగదు. తనకు తెలియనిది ఎదురైతే తెలియదని ఒప్పుకోదు. తోచిందేదో తెర మీద పెట్టి, ఇదే ఆ పేజీ అన్నట్టు నిలబడుతుంది. చూసేవాళ్లం పేజీయే అలా ఉందనుకుంటాం. అవతల రాసినవాడు సరిగ్గానే రాశాడు, దారిలో వచ్చింది సరిగ్గానే వచ్చింది. మన గుమ్మంలో కూర్చున్న ముసలిదే దాన్ని చెరిపేసి ఇచ్చింది. దాని మీద నాకంత ప్రేమ ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ గుణం నాలోనూ ఉంది.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఉరుములు మొదలయ్యాయి. కరెంటాఫీసు అనుభవంతో, ఫోను తీగ పీకెయ్యమని నేను ముందే హెచ్చరించానని తర్వాత అందరికీ చెప్పాను. హెచ్చరించలేదు. మిరపకాయ బజ్జీలు తింటున్నాను. పిడుగు ఎక్కడో స్తంభం మీద పడి, తీగ వెంట వచ్చి కంప్యూటరుని కాల్చేసింది. బూతంతా వైరు కాలిన కంపు. ఆ అమ్మాయి ఏడ్చింది. అన్నదమ్ముల సాయంతో మరో కంప్యూటరు వచ్చేసరికి వానలు సగమయ్యాయి. దానితో పాటు కొత్త బ్రౌజరు వచ్చింది. ఎవరూ కోరి పెట్టించలేదు, అందులో ఉన్నది అదే.

ఈలోగా మా ఇంట్లో ఒకటి జరిగింది. ఒకరోజు పకోడీల పొట్లం తెచ్చాను. మా ఆవిడ పకోడీలు కంచంలోకి వంపి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యి పక్కన పడేసింది. చదవలేదు. నేను కంచంలో చెయ్యి పెట్టలేకపోయాను.

"ఏటే, సదవ్వా?"

"వెల్తురూ సీకటీ తెలస్తన్నాదండీ" అంది. "అచ్చరాలే తెలట్లేదు. నాల్రోజులైంది. మీకు సెప్తే మళ్లీ విశాపట్నం అంటారని ఊరుకున్నాను."

తీసుకెళ్లాను. డాక్టరు మొదట చెప్పిందే చెప్పాడు, పోయినది రాదని.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే బూతు అమ్మాయి వీధిలోంచే కేకలేసుకుంటూ వచ్చింది. "బాబాయ్! పిన్నీ! తెలుగొచ్చేసింది! మొత్తం తెలుగే, అచ్చం పేపర్లో లాగ! రండి, బేగి రండి!"

ఆ పిల్లకు మా ఆవిడ సంగతి ఇంకా తెలియదు. గుమ్మంలోకి వచ్చి, మా ఆవిడ చెయ్యి ముందుకు చాచి గోడ తడుముకోవడం చూసి ఆగిపోయింది. "పిన్నీ" అంది, అంతే. మా ఆవిడే ఆ పిల్ల భుజం పట్టుకుని, "పద. ఈయన సదువుతారు, నాను ఇంటాను" అంది.

తెర మీద 'బెల్లం పెనం' అని పెద్ద అక్షరాల్లో ఉంది. గుండ్రంగా, నల్లగా, ఎంత శుభ్రంగా ఉన్నాయో. కింద మా ఆవిడ పేరు. పక్కన కె.కోటపాడు అని ఊరి పేరు కూడా వేశారు. ఇన్నాళ్లూ అది అక్కడే ఉంది. చూపు ఉన్నన్నాళ్లూ ఆవిడ దాని ముందే కూర్చుంది.

గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. ఆవిడ నా పక్కన బల్ల మీద కూర్చుని పెదాలు కదుపుతోంది. నేను తడబడిన చోట ఆవిడే తర్వాతి మాట అందించింది. 'గొంతు ఒక్కటే కనిపించేది' అన్న వాక్యం వచ్చింది. "ఉంచేరా అది?" అంది. ఉంచారు. తృప్తిగా తల ఊపింది. పెనం అంచున గట్టిపడ్డ పాకాన్ని చెరకు ముక్కతో గీరి తినడం, నాలుక కాలడం, వాళ్ల నాన్న తిట్టడం, ఆ ఏడాదే ఆయన పోవడం, అన్నీ ఉన్నాయి. ఆఖరి పేరాకి వచ్చాను. ఆఖరి రెండు వాక్యాలు ఆవిడ ఇలా రాసింది: "నాన్న పోయేక పెనం తీసేసేరు. గుంట అక్కడే ఉండిపోయింది."

మా వైపు గుంట అంటే ఆడపిల్ల. ఈ సంగతి మిగతా ప్రాంతాలవాళ్లకు తెలియకపోవచ్చు, వాళ్లకు గుంట అంటే నేలలో గొయ్యి. పెనం తీసేస్తే దాని కింద పొయ్యి తవ్విన గొయ్యి ఉంటుంది కదా. ఆ పత్రిక కుర్రాడు ఏ జిల్లావాడో, పాపం, మాట స్పష్టంగా ఉండాలని సరిదిద్దాడు. తెర మీద ఇలా ఉంది: "నాన్న పోయాక పెనం తీసేశారు. గొయ్యి అక్కడే ఉండిపోయింది."

నేను ఒక్క క్షణం ఆగాను. తర్వాత, "గుంట అక్కడే ఉండిపోయింది" అని చదివేశాను.

"ఆగేరేటి?" అంది.

"ఏం లేదు, గొంతు పట్టేసింది."

"మీ గొంతెప్పుడు పట్టేసిందండీ? ఏటుందక్కడ? ఒసే అమ్మా, నువ్వు సెప్పు."

అమ్మాయి నా మొహం చూసింది. నా జీవితంలో ఎన్నో అబద్ధాలు చెప్పాను గానీ ఆవిడ కళ్లుండగా చెప్పాను. ఇప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను.

ఆవిడ మొదట నవ్వింది. "గొయ్యా? నన్ను గొయ్యి సేసేసేరా?" అని పగలబడి నవ్వింది. అమ్మాయి కూడా నవ్వింది, నేనూ నవ్వాను. మేమిద్దరం ఆపేశాక కూడా ఆవిడ నవ్వుతూనే ఉంది. కాసేపటికి అది నవ్వు కాదని తెలిసింది.

"ఏం పర్లేదు పిన్నీ" అంది అమ్మాయి. "ఇది కాయితం మీద అచ్చు కాదు కదా. ఒక్క మెయిలెడితే ఆల్లు ఇక్కడికిక్కడే మార్చేత్తారు. ఇయాలే మార్చేత్తారు." అప్పటికప్పుడు కూర్చుని రాసింది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల అనీ, రాసినావిడ తన గురించే రాసుకుందనీ, దయచేసి ఆ మాట అలాగే ఉంచమనీ. పంపించింది.

సాయంత్రానికి ఆ మెయిలు తిరిగి వచ్చేసింది. అడ్రసు పనిచేయడం లేదు. పత్రిక మొదటి పేజీకి వెళ్లి చూస్తే, ఎండాకాలం చివర్లోనే ఒక ప్రకటన పెట్టారు. ఉద్యోగాల ఒత్తిడి వల్ల పత్రిక ఆపేస్తున్నామనీ, పాత సంచికలు ఉన్నంతకాలం ఇక్కడే ఉంటాయనీ. మేనల్లుడికి ఫోను చేశాం. అతనికీ వాళ్లెవరో తెలియదు, అదే అడ్రసుకి పంపాడు. "అయినా మీరు అప్పుడే సూసేం అన్నారు కదా మావయ్యా, అప్పుడే సెప్పుంటే..." అన్నాడు. నేను ఫోను అమ్మాయి చేతికిచ్చేశాను.

ఆ సీడీల మనిషి వచ్చిన రోజున నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. అప్పటికి పత్రిక నడుస్తోంది, అడ్రసు పనిచేస్తోంది, ఆవిడ ఎడమకన్ను పనిచేస్తోంది. ఆ సాయంత్రమే ఆవిడ తన పేరు చూసుకునేది, ఆ మాట చూసి మండిపడేది, మర్నాటికి అది మారేది. బజ్జీలు తింటూ ఈ లెక్క చాలాసార్లు వేశాను. ఎటు నుంచి వేసినా అంతే వస్తుంది.

తర్వాత ఎవరి ఇంట్లో కంప్యూటరు కనిపించినా, కాఫీ ఇచ్చేలోపే బ్రౌజరు ఎప్పటిదని అడగడం అలవాటైంది. పాతదే, బాగానే పనిచేస్తోందండీ అంటారు. మార్చండి అంటాను. ఎందుకండీ, అలవాటైపోయింది అంటారు. నాకు విసుగొస్తుంది, పెద్దగా మాట్లాడతాను. ముసలాయనకు చాదస్తం అనుకుంటారు. అనుకోనీండి. అవతలివాళ్లు సరిగ్గా పంపిన మాటను మీ ఇంటి యంత్రం పాడుచేసి చూపిస్తోందేమో మీకెలా తెలుస్తుంది? తెలిసే వీలు లేదు. నాకు తెలియలేదు. వీలైతే ఈవేళే మార్చుకోండి. బొమ్మలు ఎక్కడున్నాయో రెండు రోజుల్లో అలవాటవుతుంది. నాకు ఒక్క పూటే పట్టింది. కాదు, వారం పట్టింది. అయినా అంతే కదా.

మెయిలు తిరిగొచ్చిన రోజు రాత్రి ఆవిడ భోజనానికి కూర్చోలేదు. మర్నాడు మధ్యాహ్నం తనే బూతుకి తీసుకెళ్లమంది. బల్ల మీద కూర్చుని మళ్లీ చదవమంది.

"ఈపాలి ఆల్లు ఎలాగేసేరో అలాగే సదవండి. దిద్దకండి" అంది.

చదివాను. గొంతు మారకుండా, ఆఖరి మాట దాకా. ఆవిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తెర ఉన్న వైపు కాకుండా వీధి వైపు మొహం పెట్టి విన్నది. లారీ ఏదో మోత చేసుకుంటూ పోతుంటే అది పోయేదాకా ఆగింది.

"ఆడు అబద్దం రాయలేదులెండి" అంది. "గొయ్యి కూడా ఉండేది. పెనం తీసేక సానాళ్లు అలాగే వొదిలేసేరు, వానకి నిండిపోయేది." బల్ల మీంచి లేస్తూ అంది, "నాను దాని గురించి రాయలేదు. అంతే."